నల్లబండ మీద తడి అడుగు

మా నాయనకు షుగర్‌తో కుడికాలు మోకాలి కింద తీసేసినారు. నాకూ షుగర్ బయటపడేసరికి 41 ఏళ్లు. ఆ భయంతోనే అనంతపురం పోలీసు ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండులో తెల్లారుజామున నడక మొదలుపెట్టి, పరుగులోకి దిగినాను. కాళ్లకు మావాడు వదిలేసిన బూట్లు. ఒక్క నెలలో 3 కిలోమీటర్ల నుంచి 8కి పోయినాను.

ఎడమకాలికి నొప్పి వచ్చింది. మోకాలికీ చీలమండకూ నడుమ, ఎముక లోపలి అంచున, వేలు పెట్టి చూపించేంత చోటే. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముక బాగుంది. ఈ వయసులో నీకు పరుగెందుకమ్మా? ఇంట్లో పనేం లేదా?" అన్నాడు. పక్కనే మా ఆయన నవ్వినాడు.

నాలుగో రాత్రి రెండు గంటలప్పుడు లేచి కాలు కింద పెడితే నిలబడలేకపోయినాను. బండ మీదే కూలబడి, సెల్ లైటు వేసి అరికాలు చూసుకున్నాను. ఎక్కడైనా నల్లమచ్చ ఉందేమోనని. ఒక్కొక్క వేలూ గిల్లి చూసుకున్నాను. నాయన బొటనవేలు నల్లబడినప్పుడు ఆయనకు నొప్పే తెలియలేదు. నాకు తెలుస్తోంది, అంటే కాలు బతికే ఉంది. తెల్లారేదాకా ఈ ఒక్క మాటే పట్టుకొని కూర్చున్నాను. "కసాపురం ఆంజనేయా, కాలు నిలుపు సామీ, నడిచొస్తా" అని మొక్కుకున్నాను.

రెండో డాక్టరు ఎమ్మారై తీయించినాడు. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎముకలో సన్నని చీలిక. మొదటి రెండు మూడు వారాలు ఇది ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలేనట! మరి "బాగుంది" అని పంపేసిన మనిషికి ఆ సంగతి తెలియదా? ఈయన నా బూట్లు తెప్పించి, మట్టి కూడా దులపకుండా టేబుల్ మీద పెట్టుకున్నాడు. రెండు మడమలూ లోపలి పక్కకు వాలిపోయి ఉన్నాయి. చేత్తో వంచితే చపాతీలా మడతపడినాయి. "కాళ్లు కడుక్కొని బండ మీద నడిస్తే అచ్చు ఎట్ల పడుతుందమ్మా?" అని అడిగినాడు. నా కాలి గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన. ఇంటికొచ్చి కడపబండ మీద చూసుకుంటే నడుమ వంపే లేదు, పాదమంతా నిండుగా పడింది. నాది చదును పాదం, అందుకే లోపలికి వాలుతోంది.

"బూటు ఎముకను అతికించదు, అతికించేది విశ్రాంతే. ఈసారి ఆత్రపడొద్దు" అన్నాడు. 8 వారాలు పరుగు బంద్. అన్ని రోజులూ నీళ్లు మోసింది, అన్నం వండింది ఆ నవ్విన మా ఆయనే. చేసినదానికి రుణపడి ఉన్నాను. నవ్వు మాత్రం మర్చిపోలేదు.

తర్వాత బెంగళూరు పోయి మెత్తగా ఉంటూనే పాదం లోపలికి వాలకుండా ఆపే స్టెబిలిటీ బూట్లు కొన్నాను. యాసిక్స్ కయానో, బ్రూక్స్ అడ్రినలిన్ రెండూ వేసుకొని అంగట్లోనే అటూ ఇటూ పరిగెత్తినాను. రెండోది నా కాలికి కుదిరింది. దాంట్లో మడమకు రెండు పక్కలా గట్టి అంచు ఉంటుంది. కొనేవాళ్లు సాయంత్రం పోండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగుకు వేసుకునే సాక్సులే తొడుక్కోండి. ముందర బొటనవేలంత సందు ఉండాలి, మడమ జారకూడదు. 500-800 కిలోమీటర్లు పరిగెత్తినాక బూట్లు మార్చేయండి. బూటు అడుగుభాగం అరగకున్నా లోపలి మెత్తదనం చచ్చిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాలు చూసుకోండి, నాయన చూసుకోలేదు.

గుంతకల్లు నుంచి కసాపురం నడిచిపోయి మొక్కు తీర్చుకున్నాను. మొన్న శనివారం 4 కిలోమీటర్లు ఆపకుండా పరిగెత్తి, కాళ్లు కడుక్కొని బండ మీదికి వచ్చినాను. అచ్చు అట్లనే నిండుగా పడింది. నాయనకు రెండు కాళ్లూ ఉన్నప్పుడు, మా పాత ఇంటి బండల మీద ఆయన అడుగూ ఇట్లనే పడేది.