కప్పకు షుగర్ వస్తాదా?

కాలేజీ లెక్చరర్ అర్హతకు రాసే నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్‌కు చదివేవాళ్లలో చాలామంది ఏడో యూనిట్‌లోని "స్ట్రెస్ అండ్ అడాప్టేషన్" భాగాన్ని చివరి వారానికి వదిలేస్తారు. నేనూ అంతే. చేతిలో ఉన్న మెటీరియల్‌లో (ఎవరిదో అడగొద్దు) ఒకే లైన్: ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, షుగర్ పెరుగుతుంది. బట్టీ పట్టేశాను. మాక్ టెస్టులో కప్ప మీద ప్రశ్న పడగానే కళ్లు మూసుకుని కార్టిసాల్ పెట్టాను. ఎదిగిన కప్పలో ప్రధానమైన ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరాన్. తప్పు జవాబుకు మార్కు కోసే పార్ట్ సి కాబట్టి నాలుగు మార్కులు రాలేదు సరికదా, ఉన్నదాంట్లో ఇంకొకటి పోయింది.

ఆ రాత్రి కర్నూలులో మా రూములో కూర్చుని మొదటినుంచీ బొమ్మ గీశాను. కప్పకు మనలా మూత్రపిండం మీద టోపీ పెట్టినట్టు అడ్రినల్ గ్రంథి ఉండదు. మూత్రపిండం కింది తలం మీద పసుపు చారలా ఇంటర్‌రీనల్ కణజాలం ఉంటుంది, కార్టికోస్టిరాన్ తయారయ్యేది అక్కడే. అడ్రినలిన్ తయారుచేసే క్రోమాఫిన్ కణాలు కూడా అందులోనే కలగలిసి ఉంటాయి. డిగ్రీ ల్యాబు సీసాలోని కప్పలో ఆ చార కోసం ఎంత వెతికినా దొరకలేదు, ఫార్మలిన్‌లో రంగంతా వెలిసిపోయింది.

అసలు కిటుకు వేగంలో ఉంది. పాము కనబడగానే పనిచేసేది అడ్రినలిన్. కాలేయ కణం మీద దాన్ని పట్టుకునే బీటా గ్రాహకానికి అతుక్కుంటే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువు పెరుగుతుంది. ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ మేలుకుని, నిల్వ చక్కెర అయిన గ్లైకోజెన్‌ను విరగ్గొడుతుంది, నిమిషాల్లో గ్లూకోజ్ రక్తంలో ఉంటుంది. ఈ సైక్లిక్ ఏఎంపీని కనిపెట్టినందుకే సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. కండరంలోనూ గ్లైకోజెన్ విరుగుతుంది కానీ, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ అక్కడ లేదు కాబట్టి ఆ చక్కెర రక్తంలోకి రాదు. ఇక్కడే ఆప్షన్లలో బోల్తా కొట్టిస్తారు.

కార్టికోస్టిరాన్ మాత్రం నిదానస్తుడు. మెదడులోని హైపోథాలమస్ నుంచి సీఆర్‌హెచ్ అనే హార్మోన్, దాంతో పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్, అక్కడినుంచి ఇంటర్‌రీనల్‌కు కబురు. తర్వాత జన్యువులను కదిలించి అమైనో ఆమ్లాల నుంచి కొత్త గ్లూకోజ్ చేయిస్తుంది. దీనికి గంటలు పడుతుంది. అన్ని జాతుల్లో, అన్ని కాలాల్లో ఒకే మోతాదులో పెరగదు. కాలేయంలో నిల్వ ఎంతుందన్నది కూడా చూడాలి.

ఇక నాకు నేనే ఒక ప్రశ్న తయారుచేసుకున్నాను. కప్పకు ముందే ప్రొప్రనొలాల్ (బీటా గ్రాహకాలను మూసేసే మందు) ఇచ్చి భయపెడితే రక్తంలో షుగర్ గ్రాఫ్ ఎలా ఉంటుంది? మొదటి గుట్ట అణిగిపోవాలి, వెనకొచ్చే నిదానమైన పెరుగుదల మిగలాలి. మెటిరపోన్ ఇస్తే కార్టికోస్టిరాన్ తయారీ ఆగుతుంది కాబట్టి దాదాపు తిరగబడాలి. ఈ రెండు గీతలూ చూడకుండా గీయగలిగితే చాలు, పేజీలకు పేజీలు చదవక్కర్లేదు. రెండో ప్రయత్నంలో లెక్చరర్‌షిప్‌కు అర్హత వచ్చిందంటే ఇలాంటి గ్రాఫుల చలవే ఎక్కువ.

పొద్దున ఉగ్గాని బజ్జీ తింటూ కూడా నోట్సు తిరగేసేవాణ్ని. ఒకరోజు హోటలాయన తొంగి చూసి "ఏమప్పా, కప్పకు గూడా షుగర్ వస్తాదా?" అన్నాడు. ఆయనకు పదేళ్లుగా షుగర్. అలాస్కా, కెనడాల్లో ఉండే వుడ్ ఫ్రాగ్ సంగతి చెప్పాను. చర్మం గడ్డకట్టడం మొదలవగానే దాని కాలేయం గ్లూకోజ్ కుమ్మరిస్తుంది, అదీ బీటా గ్రాహకాల దారిలోనే. మామూలుగా 5 మిల్లీమోలార్ దాటనిది 200 పైకి పోతుంది. కణాల లోపల మంచు పట్టకుండా అదే కాపాడుతుంది. ఆయనకు అర్థమవ్వాలని షుగర్ మీటరు లెక్కలో (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) చెప్పాను: 90 నుంచి 3,600.

"మల్లా తగ్గుతాదా?"

"మంచు కరిగాక చాలావరకు మళ్లీ గ్లైకోజెనే అయిపోతుంది."

"నేను రెండు పూటలా మాత్రలు మింగినా తగ్గదే!" అని గొణుక్కుంటూ నా ప్లేటులో ఇంకో బజ్జీ వేసి పోయాడు.