ఐదు గంటల లెక్క

పదేళ్లుగా నా పరిశోధనంతా వరుసల మీదే. వాటిలో నిలబడటం కాదు, వాటిని లెక్కగట్టడం. నిన్న మిర్యాలగూడ దగ్గర ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో చిన్నాన్న ట్రాక్టరు మీద కూర్చుని ఆ విద్య చూపించబోయాను. ముందు 20 బండ్లు, గంటకు 4 కాంటా అవుతున్నాయి, కాబట్టి 5 గంటలు. 1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన సూత్రం కూడా ఇలాంటిదే: వరుసలో సగటున ఉండేవారి సంఖ్యను గంటకు వచ్చేవారి సంఖ్యతో భాగిస్తే, ఒక్కొక్కరు సగటున ఎదురుచూసే సమయం వస్తుంది.

చిన్నాన్న బీడీ ఆర్పి, "సంచులు అయిపోతే నీ సూత్రం ఏం చేస్తుందిరా?" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి నిజంగానే అయిపోయాయి. వరుస నిలకడగా సాగాలన్న షరతును నేను తరగతిలో ఒక్క వాక్యంలో దాటేస్తుంటాను లెండి. ఇంతలో తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపిన మూడు బండ్లవాళ్లు పక్కనే పట్టాలు పరిచి వడ్లు ఆరబోసి, మళ్లీ మా ముందుకే వచ్చారు. ఎవరూ కాదనలేదు, చిన్నాన్నతో సహా.

మా వంతు వచ్చేసరికి చీకటి పడింది. గుప్పెడు గింజలు మీటరులో పోశారు. అంకె ఆగేదాకా చిన్నాన్న మాట్లాడలేదు. 16.8.