పిండి బరువు

మా గినీ పిగ్ పిండి ఇప్పుడు బాగుంది. పొద్దున్నే లేచి బోను అంచు మీద ముందు కాళ్లు ఆనించి కొత్తిమీర కోసం గోల చేస్తోంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాసే ధైర్యం వచ్చింది. మొన్నమొన్నటి దాకా దాని పేరెత్తితే మా అమ్మాయికి ఏడుపొచ్చేది, నాకు కోపమొచ్చేది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు, ముందే చెప్తున్నా.

గినీ పిగ్ అంటే గడ్డి తినే చిన్న పెంపుడు జంతువు, మా పిండేమో చూడ్డానికి వచ్చేవాళ్లకి తెల్ల ఎలుక. పుట్టుకతోనే చూపు లేదు, చెవులు వినపడవు. కళ్లున్న చోట ఆవగింజలు అద్దినట్టు రెండు చుక్కలు, అంతే. దవడ కూడా సరిగ్గా కుదరలేదు, ముందు పళ్లు పక్కకి వంగి పెరుగుతాయి. దసరా సెలవులకి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఓ పెట్ షాపులో కొన్నాం. మిగతావాటికి రెట్టింపు రేటు చెప్పాడు షాపతను. "ఆల్బినో మేడం, రేర్ పీస్" అన్నాడు. ఆల్బినో అంటే పుట్టుకతో ఒంట్లో రంగే లేనిది, దానికి కళ్లు ఎర్రగా ఉంటాయి గానీ మామూలు సైజులోనే ఉంటాయి. ఇది ఆల్బినో కాదు. తెల్ల వెంట్రుకలూ రంగు వెంట్రుకలూ కలగలిసిన రోన్ రకాలు రెంటిని జత కడితే పుట్టే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి ఇలా పుడుతుంది. చుక్కల డాల్మేషన్ రకంతోనూ ఇదే కథ. పెంచేవాళ్లు దీన్ని లీథల్ వైట్, అంటే ప్రాణం తీసే తెలుపు అంటారు. చాలావరకు పసితనంలోనే పోతాయి, బతికినవాటికి పళ్లతో జీవితాంతం తిప్పలే. పిండి తల్లీ తండ్రీ ఒంటి నిండా చుక్కలతో అదే బోనులో ఉన్నాయి. ఆ జతని విడదీయమని తర్వాత ఫోన్ చేసి చెప్తే, "పిల్లలు బాగానే అమ్ముడుపోతున్నాయి మేడం" అన్నాడు.

మాది హన్మకొండ. తెచ్చిన కొత్తలో బాగానే ఉంది. వాసన పట్టుకుని పల్లెం దగ్గరికి వచ్చేది. పోనుపోనూ క్యాప్సికం ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి వదిలేయడం మొదలుపెట్టింది. గడ్డం కింద ఎప్పుడూ తడే. వంటింటి కాటా మీద పెడితే రెండు వందల గ్రాములు కూడా తూగలేదు.

ఊళ్లో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే ఓ క్లినిక్‌కి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు దాని నోరైనా తెరిచి చూడలేదు. దవడ ఇన్ఫెక్షన్ అని, చిన్నపిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ రాసిచ్చాడు. పెన్సిలిన్ జాతి మందుల్ని గినీ పిగ్‌కి నోటి ద్వారా ఇస్తే, పేగులో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఆ సందులో క్లాస్ట్రిడియం అనే చెడ్డది పెరిగి విషం వదులుతుంది. గడ్డి తిని బతికే జీవికి అరుగుదలంతా ఆ మంచి బ్యాక్టీరియా చలవే. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, పశువైద్యం చదివినవాళ్లకి పుస్తకాల్లో ఉండేదే. తెలియకపోతే తెలియదనొచ్చు కదా! "హైదరాబాద్ తీసుకెళ్లండమ్మా" అని ఒక్క మాట అనుంటే, ఆ మాటకే రెండింతల ఫీజు ఇచ్చి దండం పెట్టి వచ్చేదాన్ని.

సిరప్ పడిన కొద్దిరోజులకే ఆ రాత్రి వచ్చింది.

మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, నైట్ డ్యూటీలో ఉన్నాడు. పది దాటాక బోను దగ్గర ఏదో కుళ్లు వాసన. చూస్తే వెనక భాగమంతా పల్చటి విరేచనం. పిండి ఓ మూలన వీపు వంచి, బొచ్చు నిక్కబొడుచుకుని కూర్చుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పళ్లు నూరుతున్న చప్పుడు అరచేతికి తెలుస్తోంది. ఈ జంతువులు నొప్పిని బయటపెట్టవు. బయటపడిందంటే ఆ బాధ ఎంతదో ఊహించుకోవాల్సిందే. మా అమ్మాయి గోడకి ఆనుకుని, "మమ్మీ, ఊపిరి తీస్తోందా?" అని అడిగిందే అడుగుతోంది.

తెలిసినవాళ్లని పట్టుకుని హైదరాబాద్‌లో చిన్న జంతువులు చూసే ఓ డాక్టరమ్మ నంబర్ సంపాదించా. ఆ వేళప్పుడు ఎత్తుతారనుకోలేదు, ఎత్తారు. మందు పేరు చెప్పగానే అవతల ఒక్క క్షణం మాట లేదు. "అది ఇప్పుడే ఆపేయండి. పొట్ట బిగుసుకుపోయిందా, మెత్తగా ఉందా?" మెత్తగానే ఉందన్నా. "అయితే వెచ్చగా ఉంచండి. గోరువెచ్చని నీళ్లు సిరంజితో నోటి పక్క నుంచి చుక్క చుక్క వదలండి. గొంతులోకి చిమ్మొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తెల్లారగానే బయల్దేరండి."

ఇంట్లో సిరంజి లేదు. పిండిని అత్తమ్మ చేతిలో పెట్టి స్కూటీ తీశా. అప్పటిదాకా అత్తమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఇంట్ల ఎలుకను పెంచుడేంది" అని రోజూ సణిగే మనిషి.

రాత్రంతా తెరిచి ఉండే మెడికల్ షాపులో కుర్రాడు ఒక ఎంఎల్ సిరంజిలు తీస్తూ ఎవరికని అడిగాడు. చెప్పా. మొహం వెలిగిపోయింది. "గినీ పిగ్గా! బీఫార్మసీలో మేం వాటి మీదే చేశాం మేడం. పేగు ముక్క కోసి, ద్రావణంలో వేలాడదీసి మందు చుక్క వేస్తే ఎట్లా ముడుచుకునేదో! బయటికి తీశాక కూడా గంటలు గంటలు ఆడేది. భయపడకండి, వాటి పేగు చాలా స్ట్రాంగ్."

ధైర్యం చెప్పాడు పాపం. ఆ మాట మాత్రం ఇంటిదాకా నా వెంట వచ్చింది. ఇన్నాళ్లయినా, అన్నం తింటున్నప్పుడు ఉన్నట్టుండి గుర్తొస్తుంది.

వచ్చి చూద్దును కదా, అత్తమ్మ తన పాత నూలు చీరలో పిండిని చుట్టి, పొట్టకి ఆనించుకుని కూర్చుంది. కళ్లు మూసుకుని ఏదో అంటోంది. ఏం మొక్కావత్తమ్మా అంటే, "బతికితే మేడారంల తల్లులకు నిలువెత్తు బంగారం ఇస్తనన్న" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మేడారంలో సమ్మక్క సారలమ్మలకి బంగారమంటే బెల్లం, మొక్కిన ప్రాణి ఎంత తూగితే అంత. రెండు వందల గ్రాముల బెల్లం! తెల్లారేదాకా ఇద్దరం వంతులేసుకుని నీళ్ల చుక్కలు వదిలాం. ఆవిడ చేతిలో ఉన్నప్పుడే ఎక్కువ మింగింది, నిజం చెప్పుకోవాలి.

హైదరాబాద్‌లో సెలైన్, నొప్పి మందు, టెస్టులు మామూలే. మామూలు కానిది ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంకో గినీ పిగ్ పెంటికల్ని నీళ్లలో నలిపి, వడగట్టి తాగించారు. పోయిన మంచి బ్యాక్టీరియా తిరిగి రావాలంటే అదీ ఒక దారట. కాస్త కోలుకున్నాక గ్యాస్ మత్తు ఇచ్చి పళ్లు కత్తిరించారు. వీటికి వాంతి రాదు కాబట్టి మత్తుకి ముందు కడుపు మాడ్చే పని లేదు, మాడిస్తేనే ప్రమాదం. ఆ డాక్టరమ్మకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. బిల్లు చూసి మా ఆయన గుటకలు మింగాడు గానీ నోరు మెదపలేదు, అందుకు ఆయనకీ ఒక దండం. మా ఆడపడుచు మాత్రం ఊరుకోలేదు. ఓ ఫంక్షన్‌లో నలుగురి మధ్య, "పిల్లను కూడా ఇంత చూసుకోలేదు గదా వదినా" అంది. పిల్లకి నోరుంది, ఆకలైతే అడుగుతుంది. అప్పుడు అనలేకపోయా, ఇక్కడ అంటున్నా.

ఇలాంటి గినీ పిగ్ మీ చేతికొస్తే కొన్ని సంగతులు తెలిసుండాలి. రోజూ ఒకే వేళకి కాటా మీద పెట్టండి, జబ్బు కంటికి కనపడేలోపే బరువులో తెలుస్తుంది. పూటంతా ఏమీ తినలేదంటే అది ఎమర్జెన్సీ, రేపు చూద్దామనుకోవద్దు. యాంటీబయాటిక్ ఎవరు రాసినా పేరు అడగండి, అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ అయితే నోట్లో పోయనే వద్దు. మనుషుల్లాగే వీటికీ ఒంట్లో విటమిన్ సి తయారవదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకే స్కర్వీ, అంటే విటమిన్ సి లేక వచ్చే జబ్బు, తెప్పించి చూపించారు, విటమిన్ సి దాకా దారి వేసిన పరిశోధనల్లో అదొకటి. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. నీళ్ల సీసాలో కలిపితే త్వరగా పాడైపోతుంది, సిరంజితో నేరుగా ఇవ్వడమే మేలు. పిండికి పళ్లు ఆనవు కాబట్టి క్యాప్సికం సన్నగా చీల్చి, గరిక కత్తెరతో తరిగి పెడతాం. గుళికల మేత నానబెట్టి మెత్తగా చేస్తాం. గరిక రోడ్డు పక్కది వద్దు. ఎండాకాలం మా ఊరి వేడికి పిండి తట్టుకోదు, కూలర్ ఉన్న గదిలోనే బోను. ఎత్తుకునే ముందు చెయ్యి వాసన చూపించాలి. చూపూ వినికిడీ లేనిదాన్ని పైనుంచి గభాల్న పట్టుకుంటే గుండె ఆగినంత పనవుతుంది.

మొన్న గరిక వాసన తగలగానే ఉన్నచోటే నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి ఎగిరింది. సంతోషమొస్తే అలా ఎగురుతాయట. తల్లులు కరుణించారంటుంది అత్తమ్మ. మందు మార్చడం వల్లంటాడు మా ఆయన. నేను ఇద్దరికీ తలూపుతా.

పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి నెలా నెలన్నరకోసారి కత్తిరింపు తప్పదు. ఈలోపు మొక్కు సంగతి తేలాలి. పిండి ఇప్పుడు ఆరు వందల గ్రాములు దాటింది. మొక్కిన నాటి బరువు ఇస్తే చాలదా అని మా ఆయన అంటే అత్తమ్మకి ఒళ్లు మండింది. "తల్లులతోని బేరమాడుతవా? మొక్కు చెల్లించే నాడు ఎంత తూగితే అంత." ప్రసాదం పిండికి పెట్టొచ్చా అని ఫోన్‌లో డాక్టరమ్మని అడిగించింది. బెల్లం దాని పేగుకి పడదు, ముట్టించొద్దన్నారు. "అయితే దాని పాలు నేను తింట" అని తేల్చేసింది అత్తమ్మ. ఆవిడకేమో షుగర్. ప్రస్తుతం మా ఇంట్లో ఆ గొడవ నడుస్తోంది.