మా వీలు చూసుకుని పరుగు

చిన్నపిల్లలున్న ఇంట్లో ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికల్లా రేసు దగ్గరుండాలంటే చాలాసార్లు కుదరదు. అందుకే నాకు వర్చువల్ రేసులంటే అంత ఇష్టం. ఇచ్చిన గడువులో వీలైన రోజు, నచ్చిన దారిలో పరుగెత్తి, జీపీఎస్ యాప్‌లో నమోదైన దూరం, టైమ్ అప్‌లోడ్ చేస్తే చాలు. 2020 అక్టోబరులో లండన్ మారథాన్‌కే 24 గంటల గడువిచ్చి ఎవరి ఊళ్లో వాళ్లని పరుగెత్తమన్నారు!

నా దారి మన వైజాగ్ బీచ్ రోడ్డే. తెల్లారగట్ల అక్కడ బళ్లు తిరగనివ్వరు కాబట్టి కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా హాయిగా వెళ్లొచ్చు. ఎండాకాలం మాత్రం ఆరున్నరకే ఉక్కపోత. చెమట ఆరదు, బనీను ఒంటికి అతుక్కుపోతుంది, తడి వేలికి ఫోన్ స్క్రీన్ పలకదు. ఆ ఉక్కలో వచ్చే టైమింగ్‌ని చలికాలం టైమింగ్‌తో పోల్చుకుని కొత్తవాళ్లు దిగులుపడొద్దు.

పోయినసారి చివరి కిలోమీటరు మా పాప సైకిల్ మీద పక్కనే వచ్చింది. "నాన్నా, ఇంకొంచెమే, రా రా" అంటూ బెల్లు కొడుతూనే ఉంది. గుంపులో పరుగెత్తే ఊపు వేరు, కాదనను. కానీ అక్కడ ఈ తోడు దొరకదు కదా. పోస్టులో వచ్చిన మెడల్ దాని మెడలోనే వేశాను.

ఈసారి హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు. మన వైజాగ్ వాళ్లెవరైనా కలుస్తానంటే చెప్పండి, పిల్లల్ని కూడా తీసుకురండి.