టస్కీగీలో కార్వర్ పనిముట్లు

పై చదువులకు దేశం దాటిన పాత విద్యార్థులు తాము చదివిన విశ్వవిద్యాలయం గురించి రాయాలని మన వ్యవసాయ కళాశాల సంచిక సంపాదకులు కోరారు. నేను ఎమ్మెస్సీ చేసింది అమెరికా దక్షిణాదిలో, అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విశ్వవిద్యాలయంలో. సీటు వచ్చిందని చెప్పిన రోజున మన హాస్టల్లో ఆ పేరు విన్నవాళ్లు ఎవరూ లేరు. వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్లకు ఆ పేరు తెలియకపోవడం పెద్ద లోటని అక్కడికి వెళ్లాక నాకు అర్థమైంది. అందుకే క్లాసులూ పరీక్షలూ చేతివంట కష్టాలూ పక్కన పెట్టి, అక్కడి మ్యూజియాల్లో ఉన్న వస్తువుల గురించి రాస్తున్నాను. వాటిలో ఎక్కువ భాగం మన వృత్తికి చెందినవే.

మిగతా కళాశాలల తలుపులు నల్లజాతివారికి మూసి ఉన్న కాలంలో వారి కోసం పుట్టిన విద్యాసంస్థలు అమెరికాలో ఇప్పటికీ సుమారు వంద ఉన్నాయి. టస్కీగీ వాటిలో ఒకటి. 1881 జులై 4న బడి మొదలైనప్పుడు దానికి సొంత భవనం కూడా లేదు. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ పాతికేళ్ల వయసులో దానికి మొదటి అధ్యాపకుడయ్యాడు. భవనాలు కట్టడానికి ఇటుకలు కొనే స్తోమత లేక విద్యార్థులతోనే కాల్పించాడు. మూడు బట్టీలు వరుసగా చెడిపోయాయి. నాలుగో బట్టీకి డబ్బు లేకపోతే మాంట్‌గొమరీ పట్నం వెళ్లి తన గడియారాన్ని 15 డాలర్లకు తాకట్టు పెట్టాడు. ఆ బట్టీ నిలిచింది, గడియారం మాత్రం మళ్లీ చేతికి రాలేదని ఆత్మకథలో రాసుకున్నాడు. 1899లో కట్టిన ఆయన నివాసం, ‘ది ఓక్స్’ అనే ఇటుకల మేడ, ఇప్పుడు మ్యూజియంగా ఉంది. దాని నమూనా గీసింది రాబర్ట్ టేలర్. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయన. కట్టినవాళ్లు టస్కీగీ విద్యార్థులే. ఆ ఇల్లు బాగుంటుంది. అయినా నా కాళ్లు ఎప్పుడూ రెండో భవనం వైపే లాగేవి.

ఆ రెండోది, టస్కీగీలో వ్యవసాయ శాస్త్రం నేర్పిన ప్రొఫెసర్ పేరిట ఉన్న జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మ్యూజియం. ఒకప్పుడు అది కళాశాల చాకిరేవు, అంటే బట్టలుతికే భవనం. కార్వర్ వృద్ధాప్యంలో దాన్ని ఆయన ప్రయోగశాలకూ మ్యూజియానికీ ఇచ్చారు. 1941లో ప్రారంభోత్సవానికి హెన్రీ ఫోర్డ్ వచ్చాడు. ఇప్పుడు దాన్ని జాతీయ ఉద్యానవనాల సంస్థ చూసుకుంటోంది. వెడల్పాటి అంచు టోపీ పెట్టుకున్న రేంజర్లు సందర్శకులకు వివరాలు చెబుతారు.

కార్వర్ మిస్సోరీలో బానిస తల్లికి పుట్టాడు. అయోవాలో వ్యవసాయ శాస్త్రంలో మాస్టర్స్ పూర్తి చేసి, వాషింగ్టన్ పిలిస్తే 1896లో టస్కీగీకి వచ్చాడు. వ్యవసాయ విభాగం ఉందన్న మాటే గాని ప్రయోగశాల లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని చెత్తకుప్పలు వెతికాడు. పగిలిన సీసాల మెడలు కోసి బీకర్లు చేశాడు. సిరాబుడ్డిలో ఒత్తి పెట్టి దీపం వెలిగిస్తే అదే బర్నర్. మందపాటి టీ కప్పు కల్వం అయింది. రేకుకు మేకుతో చిల్లులు పొడిస్తే మట్టిని జల్లించే జల్లెడ అయింది. ఆయన సొంతంగా చేసుకున్న పరికరాల ముందు నేను ఎంతో సేపు నిలబడేవాణ్ని. గాజు అంచు ఎక్కడా సమంగా ఉండదు. అయినా దానితో మట్టి పరీక్ష చేయవచ్చు. మన మృత్తికాశాస్త్రం ప్రాక్టికల్స్‌లో పరికరం రాలేదని ఒక టర్మంతా ప్రయోగాలు వాయిదా వేసుకున్న సంగతి మనవాళ్లలో కొందరికైనా గుర్తుండాలి. కార్వర్ బల్ల ముందు ఆ సాకు ఒక్క నిమిషం కూడా నిలవదు.

పక్కనే రంగులు. అలబామా ఎర్రమట్టి, పసుపు మట్టి, తెల్ల సుద్ద నుంచి ఆయన తీసిన రంగుల నమూనాలు అవి. పేద రైతు ఇంటి గోడకు డబ్బు పెట్టి రంగు కొనలేడు, కాళ్ల కింది మట్టితోనే వేసుకోవచ్చని చూపించాలన్నది ఆయన పట్టుదల. ఆయన తీసుకున్న పేటెంట్లు మొత్తం మూడే. అందులో రెండు మట్టి నుంచి రంగులు తీసే విధానాలకు, ఒకటి సౌందర్య సాధనాలకు. 1925, 1927 సంవత్సరాల్లో వచ్చాయి. మిగతావన్నీ ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. ఆయన చిత్రకారుడు కూడా, 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రం ఉంచారు. కుట్టుపని, అల్లికలు కూడా ఆయన చేతివే. బెండ కాండం నుంచి కూడా నార తీశాడు. బెండ, గోగు ఒకే కుటుంబమని మనకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు. గోగునార తాళ్లు పేనే ఊళ్ల నుంచి వచ్చిన మనకు బెండ నారలో వింత కనపడదు. ఒక ప్రొఫెసర్ కూర్చుని ఆ నార తీశాడన్నదే నన్ను ఆకట్టుకుంది.

మనం ముఖ్యంగా చూడవలసింది జెసప్ బండి. రైతు కళాశాలకు రాలేడు కాబట్టి కళాశాలే రైతు దగ్గరకు వెళ్లాలన్నది వాషింగ్టన్ ఆలోచన. కార్వర్ నమూనా గీశాడు, సామగ్రి ఎంపిక చేశాడు. మోరిస్ జెసప్ అనే న్యూయార్క్ ధనికుడు డబ్బిచ్చాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. 1906లో గుర్రాలు లాగే ఆ బండి టస్కీగీ చుట్టూ ఉన్న మేకన్ కౌంటీ పల్లెల్లోకి బయల్దేరింది. నాగలి, విత్తనాలు, ఎరువులు, వెన్న చిలికే యంత్రం, పాలలో వెన్నశాతం చూసే పరికరం అన్నీ అందులోనే ఉండేవి. ఎవరో ఒక రైతు పొలం గట్టున ఆపి, చుట్టుపక్కలవాళ్లను పోగు చేసి, అక్కడే దున్ని చూపించేవారు. ఆ బండిని నడిపించిన టామస్ మన్రో క్యాంప్‌బెల్ టస్కీగీ విద్యార్థి. అమెరికా వ్యవసాయ శాఖ విస్తరణ ఉద్యోగానికి, అంటే కొత్త సాగు పద్ధతులను రైతులకు చేర్చే పనికి, నియమించిన మొదటి నల్లజాతి వ్యక్తి కూడా ఆయనే. వ్యవసాయ విస్తరణకు అమెరికాలో స్మిత్-లీవర్ చట్టం వచ్చింది 1914లో. అంటే చట్టం కంటే ఎనిమిదేళ్ల ముందే బండి దారి పట్టింది. మనం విస్తరణ విద్య పాఠంలో చదివిన సంవత్సరాలన్నీ చట్టాలవీ పథకాలవీ. ఈ బండి పేరు మన పాఠంలో ఎక్కడా రాలేదు. మొదటి పాఠం అదే కావలసింది.

ఇక వేరుశనగ. అనంతపురం జిల్లా వాణ్ని కాబట్టి ఈ విషయం కాస్త ఎక్కువే రాస్తాను, సంపాదకులు మన్నించాలి.

కార్వర్ అనగానే ‘వేరుశనగ నుంచి మూడు వందల వస్తువులు కనిపెట్టిన మేధావి’ అంటారు. పీనట్ బటర్ కనిపెట్టింది ఆయనేనని కూడా అంటారు. అది నిజం కాదు, ఆయన కంటే ముందే అది ఉంది. ఆ మూడు వందల జాబితాలో చాలావరకు వంటలూ ఇంటి చిట్కాలే. అంత మాత్రాన ఆయన పని చిన్నదైపోదు. ఆయన అసలు పని ప్రదర్శనలోని సీసాల్లో కంటే అక్కడ పరిచి ఉంచిన పలుచటి బులెటిన్లలో ఉంది. 1898 నుంచి ఆయన బతికి ఉన్నంత కాలం, మొత్తం 44 వచ్చాయి. మొదటిది పశువులకు ఓక్ చెట్టు కాయలు మేపడం గురించి. 1916లో వచ్చిన 31వది వేరుశనగ సాగు గురించి, దానితో వండుకోగల 105 వంటల గురించి. భాష సులువుగా ఉంటుంది. ఏటా పత్తి మాత్రమే వేసి వేసి నేల సత్తువ కోల్పోయింది, పైగా కాయతొలిచే ముక్కుపురుగు మెక్సికో వైపు నుంచి వచ్చి పత్తిని తినేస్తోంది. నత్రజనిని నేలకు చేర్చే పప్పుజాతి పంట మార్చి వెయ్యండి, అమ్ముడుపోకపోతే కనీసం మీరు తినండి, పిల్లలకు పెట్టండి, అని రైతుకు చెబుతాడు. ఆ బులెటిన్లు చాలా దూరం వెళ్లాయి. గాంధీజీ స్నేహితుడు దీనబంధు ఆండ్రూస్ 1929లో టస్కీగీకి వచ్చి వెళ్లారు. శాకాహారం గురించి కార్వర్ గాంధీజీకి సలహాలు, బులెటిన్లు పంపారు.

నేను అక్కడ చదువుతుండగా 2000 ఖరీఫ్‌లో మా జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ సోకింది. పొగాకు చారల వైరస్ అది. వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడి మీద చేరి, తామర పురుగుల వల్ల వేరుశనగ మొక్కకు పాకుతుంది. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే. మా నాన్న ఉత్తరంలో ఒక వాక్యం రాశారు: ‘మొక్క నిలువునా మాడిపోతోంది, కారణం ఎవరూ చెప్పడం లేదు’. ఆ ఉత్తరం చదివాక మ్యూజియంలోకి వెళితే బులెటిన్ నాకు వేరుగా కనపడింది. పత్తి ఒక్కటే వేస్తే నేల చస్తుంది, వేరుశనగతో పంట మార్చండి అని కార్వర్ చెప్పాడు. మనమేమో ఊరికి ఊరు వేరుశనగ ఒక్కటే వేసి, అదీ టి.ఎం.వి.-2 అనే ఒకే ఒక్క పాత రకం దశాబ్దాల పాటు వేసి, కొర్ర, సజ్జ, జొన్న, కంది పొలం మూలలకు నెట్టేశాం. మందుగా వచ్చిన పంట మనకు జబ్బయింది. కార్వర్ పేరు ఎత్తి వేరుశనగను పొగిడేవాళ్లు ఆయన చెప్పినదాంట్లో సగమే విన్నారని అప్పటి నుంచి నా నమ్మకం. ఆయన చెప్పింది పంట పేరు కాదు, పంట మార్పిడి. నేను ఆ తర్వాత పరిశోధనకు అంతర పంటల్ని ఎంచుకున్నది ఆ బులెటిన్ వల్లే.

1947లో ఆ మ్యూజియంలో అగ్ని ప్రమాదం జరిగింది. ఆయన వేసిన చిత్రాలు చాలావరకు కాలిపోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 1943 జనవరి 5న, కార్వర్ చనిపోయాడు. జీవితమంతా దాచుకున్న డబ్బు, సుమారు 60 వేల డాలర్లు, పరిశోధనల కోసం ఇచ్చేశాడు. ప్రాంగణంలో ఆయన సమాధి వాషింగ్టన్ సమాధి పక్కనే ఉంటుంది. కీర్తికి సంపద కూడా జోడించుకోగలిగి ఉండీ రెండింటినీ పట్టించుకోలేదని, లోకానికి పనికిరావడంలోనే సంతోషం, గౌరవం పొందాడని దాని మీద చెక్కారు. కాలిపోగా మిగిలినవి జాగ్రత్తగా ఉన్నాయంటే, వాటిని బతికించినవాళ్ల ఓపిక కూడా చిన్నది కాదు.

నా చదువు అయిపోయాక ఏళ్లకు మళ్లీ టస్కీగీ వెళ్లినప్పుడు మూడో మ్యూజియం చూశాను. లెగసీ మ్యూజియం. అక్కడ గాజు పెట్టెల్లో బొమ్మల కొలువులాంటి దృశ్యాలు ఉన్నాయి. 1940లో షికాగోలో జరిగిన అమెరికన్ నీగ్రో ఎక్స్‌పొజిషన్ కోసం చార్లెస్ డాసన్ అనే చిత్రకారుడి ఆధ్వర్యంలో నల్లజాతి చరిత్రను 33 దృశ్యాలుగా చేశారు. వాటిలో 20 టస్కీగీలో మిగిలాయి. డాసన్ కూడా టస్కీగీ విద్యార్థే. ఒకదాంట్లో బ్రిటిష్ సైనికులు జరిపిన 1770 బోస్టన్ కాల్పుల్లో మొదట నేలకొరిగిన క్రిస్పస్ అటక్స్ కనిపిస్తాడు. ఏళ్ల తరబడి దుమ్ము పట్టి, రంగు రాలిన ఈ దృశ్యాలను ఇటీవలి కాలంలో పరిరక్షణ నిపుణులు బాగు చేస్తున్నారు. ఆ పని నేర్చుకుంటున్నవాళ్లలో నల్లజాతి కళాశాలల విద్యార్థులు ఉండటం నాకు చెప్పలేనంత ఆనందం కలిగించింది.

అదే మ్యూజియంలో ఇంకో గది ఉంది. 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రజారోగ్య శాఖ మేకన్ కౌంటీలో 600 మంది నల్లజాతి పురుషుల మీద చేసిన అధ్యయనం గురించిన గది. వారిలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. వారికి ఆ సంగతి సరిగా చెప్పలేదు. పెన్సిలిన్‌తో నయమవుతుందని తెలిశాక కూడా ఇవ్వలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు. ఆ అధ్యయనంలో టస్కీగీ ఆసుపత్రికి కూడా పాత్ర ఉంది, ఆ సంగతి దాచకుండా అక్కడే పెట్టారు. హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ నుంచి ఆమెకు చెప్పకుండా తీసిన కణాలను, పోలియో టీకా పరీక్షల కోసం 1953 నుంచి 1955 దాకా టస్కీగీ ప్రయోగశాలలోనే పెద్ద ఎత్తున పెంచి దేశమంతటికీ పంపారు. గర్వమూ గాయమూ ఒకే చోట. కళాశాల తన గురించి మంచి మాటలే వినాలనుకుంటే ఆ గదికి తాళం వేసి ఉండేది.

ఇప్పుడు మన సంగతి. మన కళాశాల గొడౌన్లో మూడు చెక్కల గొర్రు, జడ్డిగం, గుంటక, చేత్తో తిప్పే వేరుశనగ కాయలు ఒలిచే యంత్రం ఉండేవి, మనం చదివేటప్పుడు చూశాం. వాటిని ఎవరు చేశారో, ఏ ఊరి వడ్రంగి, ఏ ఊరి కమ్మరి చేతివో ఎక్కడా రాసి లేదు. పాత విత్తన పెట్టెలు, గోడ పటాలు, రైతులకు పంచిన కరపత్రాలు చెదల పాలవుతున్నాయి. కొత్త ఆడిటోరియానికి చందాలు ఇచ్చిన మనం ఒక చిన్న గది కోసం కూడా ఇవ్వాలి. అందులో గొర్రుతో పాటు మనం పొరపడిన కాగితాలు కూడా ఉండాలని నా కోరిక: వేరుశనగ ఒక్కటే వెయ్యమని సలహా ఇచ్చిన పాత కరపత్రాలు, 2000లో తెగులు వచ్చినప్పుడు పొలాలు తిరిగిన విద్యార్థుల నోట్ పుస్తకాలు. ఎవరి ఇంట్లోనైనా అటువంటివి ఉంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి, సంచిక సంపాదకులకు ఒక మాట చెప్పండి. వచ్చే వేసవిలో నేను ఊరికి వస్తున్నాను. గొడౌన్ తాళం తీయించే పని, ఒక్కో వస్తువు ఎవరిదో ఊళ్లలో పెద్దవాళ్లను అడిగి రాసే పని, చీటీలు అతికించే పని నేను చేస్తాను. తోడుగా ఇద్దరు ముగ్గురు రండి.