హైడ్రా గిన్నె: 30 రోజుల లెక్క

రోజు 0. హైడ్రా అంటే మంచినీళ్లలో బతికే చిన్న గొట్టంలాంటి జంతువు; ఒక చివర అంటుకునే పాదం, మరో చివర నోరు, దాని చుట్టూ తీగల్లాంటి స్పర్శకాలు. చెరువు నుంచి గుర్రపుడెక్క వేళ్లు, కాస్త నాచు, అదే చెరువు నీళ్లు ఒక గాజు సీసాలో. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన పెట్టి, మళ్లీ ముట్టుకోకూడదు. కదిలిస్తే హైడ్రా ఆవగింజలో సగమంత ముద్దగా ముడుచుకుంటుంది, ఎంత వెతికినా కనబడదు.

రోజు 2. వెలుతురు పడే వైపు గాజుకు 12 అంటుకున్నాయి. సెంటీమీటరు కూడా లేవు. దారప్పోగు చివర పీచు విడినట్టుంటాయి. డ్రాపర్‌తో నీళ్లు చిమ్మి పాదం ఊడదీసి, వెడల్పాటి గాజు గిన్నెలోకి మార్చాం.

నీళ్ల సంగతి ముందే తేల్చుకోవాలి. పంపు నీళ్లలో క్లోరిన్ పనికిరాదు, రాగి బిందె నీళ్లు అసలే వద్దు: రాగి కొంచెమున్నా హైడ్రా చస్తుంది. ఉత్త ఆర్‌వో నీళ్లలోనూ బతకదు, కాల్షియం కావాలి. 100 మి.లీ. ఆర్‌వో నీటిలో 14.7 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ ఒక సీసాలో (తేమలేని రకమైతే 11.1 గ్రాములు), మరో 100 మి.లీ.లో 8.4 గ్రాముల వంటసోడా ఇంకో సీసాలో కలుపుకోవాలి. లీటరు ఆర్‌వో నీటికి ఒక్కోదాన్నుంచి 1 మి.లీ. చాలు. ఈ చిక్కటి ద్రావణాలు రెంటినీ నేరుగా కలిపితే తెల్లగా విరుగుతుంది, అది సుద్ద.

రోజు 3. మేత ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలు. లీటరు నీటికి 25 గ్రాముల కల్లుప్పు, గ్రాము గుడ్లు, గాలి పంపు, 27 డిగ్రీలు: 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుతురు దగ్గర పోగవుతాయి. పల్చటి గుడ్డలో వడకట్టి మంచినీళ్లతో బాగా కడగాలి, ఉప్పు గిన్నెలోకి రాకూడదు. ఒక్కో హైడ్రాకు మూడు నాలుగు, రోజు విడిచి రోజు.

స్పర్శకం తగలగానే ఆర్టీమియా పిల్ల స్తంభించిపోతుంది. స్పర్శకంలోని దంశకణం (కుట్టే కణం) ఒక్కసారే పేలుతుంది, తర్వాత దాని చోట కొత్తది రావాలి. మేత గాయం నుంచి కారే గ్లూటాథయాన్ అనే రసాయనం తగిలాకే హైడ్రా నోరు తెరుచుకుంటుంది.

రోజు 11. స్పర్శకాలు పొట్టివైపోయి, ఒళ్లు ముద్దబారింది. మేత ఎక్కువై, మిగిలింది కుళ్లిందంతే. తిన్న 6–8 గంటలకు నీళ్లు మొత్తం మార్చాలి, మర్నాడు మరోసారి. ఉన్నది ఒకే రంధ్రం కాబట్టి తిన్నదాని పిప్పి కూడా నోటినుంచే గిన్నెలోకి వస్తుంది. మూడు రోజులు మేత ఆపి, రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చితే తేరుకున్నాయి. ఆకలికి హైడ్రా వారాలపాటు చిక్కిపోతూ బతుకుతుంది. కుళ్లిన నీళ్లకైతే రెండు రోజుల్లో కరిగిపోతుంది.

రోజు 16. లెక్క 29. నడుము కింద బుడిపె లేచి, స్పర్శకాలు తొడిగి, మూడు నాలుగు రోజుల్లో ఊడి పక్కన నిలబడుతుంది. హైడ్రాకు బంధువైన పగడంలోనూ ఇలాంటి మొగ్గలే, కానీ అక్కడ పిల్ల విడిపోదు, అందుకే దిబ్బ కడుతుంది. దీని బంధువులు కొన్నింటిలోలా ఏదో ఒకరోజు జెల్లీఫిష్ విడుదలవుతుందని చూడకండి, హైడ్రాకు ఆ దశే లేదు.

రోజు 18. ఒకరోజు పస్తుంచిన రెండింటిని కొత్త బ్లేడుతో నడిమికి కోశాం. గాయం కొన్ని గంటల్లో మూసుకుంది. పాదం ముక్కకు రెండో రోజుకి స్పర్శకాల మొలకలు, మూడో రోజు దాటాక మేత పట్టింది. 1740లలో నెదర్లాండ్స్‌లో ప్రకృతి పరిశోధకుడు ఆబ్రహాం ట్రెంబ్లే ఇలాగే కోసి చూసి, ఇది మొక్కా జంతువా అని తలపట్టుకున్నాడు.

రోజు 26. గది 33 డిగ్రీలు, మొగ్గలు ఆగాయి. వీటికి 18–22 హాయి. తడి ఇసుకలో కుదేసిన కుండలో గిన్నె పెట్టడం తెలంగాణ పొడి వేసవిలో పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో నీరు అంతగా ఆవిరవదు కాబట్టి పెద్దగా చల్లబడదు.

రోజు 30. లెక్క 54. మిగులు హైడ్రాలను చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఉన్న తొట్టిలో పారబోయకండి, వాటినీ పట్టి తింటాయి. పాత నీళ్లను మరిగించి పారబోయాలి. మొక్కలు, గులకరాళ్లు కూడా అంతే, ఒక్క ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది.