ఎం4లో సోడియం పెరిగిన చోట ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుంది?

వృశ్చికంలో జ్యేష్ఠకు కాస్త పడమరగా ఎం4 ఉంటుంది. సుమారు 6,000 కాంతి సంవత్సరాల దూరంలో, 1,200 కోట్ల ఏళ్ల వయసున్న గోళాకార నక్షత్ర గుచ్ఛం ఇది. దీని తారలన్నీ ఒకే మేఘంలోంచి ఒకేసారి పుట్టాయన్నది పాత పాఠం. ఇనుము వరకైతే ఆ పాఠం నిలుస్తుంది: ఏ తారలో చూసినా సూర్యుడిలో ఉన్నదానిలో దాదాపు పన్నెండో వంతే. సోడియం దగ్గరికొచ్చేసరికి తేడా కొడుతుంది. చిలీలోని వీఎల్‌టీ అనే పెద్ద టెలిస్కోపుతో 105 రెడ్ జెయింట్లను (వయసు మళ్ళి ఉబ్బిన ఎర్రని తారలను) పరిశీలించి 2008లో వెలువరించిన ఫలితాల్లో తారలు రెండు గుంపులుగా విడిపోయాయి. రెండో గుంపులో సోడియం సుమారు రెట్టింపు, ఆక్సిజన్ తక్కువ.

నాలుగైదు కోట్ల డిగ్రీల వేడిలో నియాన్ కేంద్రకాలు ప్రోటాన్లను పట్టుకుని సోడియం అవుతాయి. అదే వేడిలో సీఎన్ఓ చక్రం (కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌ల మీదుగా హైడ్రోజన్ హీలియం అయ్యే చర్యల వరుస) ఆక్సిజన్‌ను నైట్రోజన్‌గా మారుస్తుంది. ఈ బూడిదను జెయింట్లు తమ లోపలినుంచే పైకి తెచ్చుకుంటున్నాయేమో అని చాలాకాలం అనుమానించారు. ఎన్‌జీసీ 6752 అనే మరో గోళాకార గుచ్ఛంలో ఇంకా జెయింట్ దశకు చేరని తారల్లోనూ ఇదే తేడా కనబడిందని 2001లో తేలడంతో ఆ వాదన నిలవలేదు. వాటి గర్భంలో అంత వేడి లేదు. అంటే సోడియం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ ఉన్న ఆ వాయువు పుట్టుకతోనే వచ్చింది. ఏ పెద్ద తారలు దాన్ని వండాయన్నది మాత్రం తేలలేదు. రెండో గుంపే ఎక్కువగా ఉండే గుచ్ఛాలు చాలా ఉన్నాయి. అంత వాయువు ఎక్కడినుంచి వచ్చిందో చూపే లెక్క ఏ సిద్ధాంతానికీ సరిగా కుదరడం లేదు.

ఇక కొలత. తార వర్ణపటంలో ఒక్కో మూలకం వదిలే నల్లని రేఖలను బట్టి దాని మోతాదు లెక్కిస్తారు. సోడియానికి 5682, 5688, 6154, 6160 ఆంగ్‌స్ట్రామ్ (తరంగదైర్ఘ్యపు కొలమానం) రేఖలు వాడాలి. పసుపు రంగులోని ప్రసిద్ధమైన సోడియం డీ రేఖల జోలికి పోవద్దు: జెయింట్లలో అవి సంతృప్తమై ఉంటాయి, అంటే సోడియం పెరిగినా పెద్దగా మారవు, పైగా దారిలోని ధూళిమేఘాల సోడియం వాటి పక్కనే చేరుతుంది. ఆక్సిజన్‌కు దిక్కు 6300.3 దగ్గరి నిషిద్ధ రేఖే (పరమాణువుల్లో చాలా అరుదుగా జరిగే మార్పు వల్ల వచ్చే బలహీనమైన రేఖ). మన ఆకాశం కూడా సరిగ్గా అక్కడే వెలుగుతుంది. ఎం4 సెకనుకు 71 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది కాబట్టి దాని రేఖ ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్ ఎరుపు వైపు జరుగుతుంది, ఆ గండం తప్పుతుంది. కానీ భూవాతావరణపు ఆక్సిజన్ శోషణ రేఖలు ఆ చుట్టుపక్కలే పొంచి ఉంటాయి. అందుకే అదే రాత్రి, అదే ఎత్తులో, వేగంగా తిరిగే వేడి తార వర్ణపటం ఒకటి తీసి దానితో భాగించాలి. ఆక్సిజన్ మరీ తక్కువైన తారల్లో రేఖ వర్ణపటపు రొదలో (నాయిస్‌లో) కలిసిపోతుంది. అప్పుడు వచ్చేది గరిష్ఠ పరిమితి మాత్రమే. దాన్ని కొలతగా గ్రాఫులో పెడితే లేని వంపు పుట్టుకొస్తుంది.

రేఖ నుంచి మోతాదు లెక్కకట్టాలంటే తార ఉష్ణోగ్రత తెలియాలి. కానీ ఎం4కు అడ్డంగా ఉండి కాంతిని ఎర్రబరిచే ధూళి ఒక్కో దిక్కున ఒక్కో మందం. రంగును బట్టి ఉష్ణోగ్రత కడితే తప్పుతుంది. రకరకాల ఉత్తేజ స్థాయుల (పరమాణువుల శక్తి మెట్ల) ఇనుము రేఖలన్నీ ఒకే విలువ ఇచ్చేలా ఉష్ణోగ్రతను సరిచేయడం మేలు. తుది ఫలితంలో ఇనుము కూడా తారకో రకంగా చెదిరితే ముందు మీ ఉష్ణోగ్రతలనే అనుమానించండి.

స్పెక్ట్రోగ్రాఫ్ (వర్ణపటం తీసే పరికరం) లేకపోతే అతినీలలోహిత కాంతిని వదిలే యూ ఫిల్టర్ ఉంది. నైట్రోజన్ ఎక్కువైన తారల్లో ఎన్‌హెచ్, సీఎన్ అణువులు అతినీలలోహిత అంచున కాంతిని మింగేస్తాయి. అందుకే యూ-బీ రంగులో (యూ, నీలి ఫిల్టర్ బీలలో కొలిచిన వెలుగుల తేడాలో) సోడియం ఎక్కువున్న జెయింట్లు ఎరుపు వైపుకి విడిపోతాయి. వీ-ఐలో (పసుపుపచ్చ, పరారుణ ఫిల్టర్ల తేడాలో) ఎంత వెతికినా ఆ చీలిక దాదాపు కనబడదు.